రాణి కాళ్లకు చెప్పులేవీ?

కుమాసి, శుక్రవారం

అమ్మమ్మకు,
నేను కులాసా, దగ్గు తగ్గింది. తెల్లవాళ్లతో పోరాడిన మన యా అసంతేవా రాణి మీద రాసిన నా పిల్లల పుస్తకం బొమ్మలు నిన్న బడిలో చూపించాను. ఎన్నడూ నోరెత్తని అఫ్రాకోమా లేచి, "అక్కా, చెప్పులు లాగేసి రాణిగారిని గద్దె దింపేశారా? ఉత్త కాళ్లతో నేల మీద నిలబెట్టారేం!" అంది. అందరూ గొల్లుమన్నారు. గద్దె దించేటప్పుడే చెప్పులు లాగేస్తారన్న మన ఆచారం బొమ్మలేసిన అక్రా అమ్మాయికి తెలియదు, నేనేమో చూసుకోలేదు. సోమవారమే అచ్చు. ఇలాగే వస్తే మన ఊళ్లో తలెత్తుకోలేను. రాజుగారి కొలువుకు వేసుకెళ్లే నీ చెప్పులు ఈ ఉత్తరం తెచ్చే మామయ్యచేతే రేపు పంపు, ఆ అమ్మాయి చూసి గీస్తుంది. కోకో గింజలు ఆరాయా? నీ మోకాలెలా ఉంది? అఫ్రాకోమా మాట విన్నాక బడిలో ఆడపిల్లలెవరూ ఆటల్లో కూడా చెప్పులు విప్పడం లేదని, బడి నడిపే సిస్టర్ తల పట్టుకుంది. నీ చల్లని చెయ్యి నా తలమీద ఉండాలి.

నీ సెర్వా