గంట మోగే దేవుడి బొమ్మ తెరవకు అక్కా

మేడ్చల్, బుధవారం

అక్కకు,

తమ్ముడు నర్సింలు దండాలు. నేను బాగానే ఉన్నాను. నాయిన కన్ను ఇంకా మసకగానే ఉందా? అవ్వ మోకాళ్ళు ఎలా ఉన్నాయి?

ముందు ఒక మాట. మీ డీటీపీ షాపు కంప్యూటర్‌కు నా పేరుతో ఒక మెయిలు వచ్చి ఉంటుంది. అందులో గంట మోగే దేవుడి బొమ్మ ఉంటుంది. తెరవకు. అది నేను పంపలేదు. తెరిచి ఉంటే ఆ కంప్యూటర్లో నీ బ్యాంకు ఖాతా చూడకు. నేరుగా బ్యాంకుకే పోయి పాస్‌వర్డు మార్పించు. నాయిన కంటి ఆపరేషన్ పైసలు అందులోనే ఉన్నాయి కదా.

ఏం జరిగిందో చెప్తాను. ఆ బొమ్మ మొదట మా నెట్ షాపు సేటుకు మెయిల్లో వచ్చింది. మంచిదని అన్ని కంప్యూటర్లలో పెట్టించాడు. పొద్దున్నే గంట మోగితే చెప్పులు విప్పి దండం పెట్టేవాడు.

అత్వెల్లి యాదిరెడ్డి పెద్దాయన భూమి అమ్మిన పైసలు చూసుకోవడానికి మా దగ్గరికే వస్తాడు. "తమ్మీ, నాకు గా ఇంగ్లీషు రాదు, నువ్వే కొట్టు" అని పాస్‌వర్డు అందరూ వినేలా చెప్పేవాడు. నేనే కొట్టేవాణ్ణి. పోయిన వారం చూస్తే ఖాతాలో పైసలు లేవు.

"గీ పోరనికి తప్ప ఇంకెవనికి ఎరుక?" అన్నాడు పెద్దాయన.

సేటు నా మొహం చూసి, "ఏంరా, నోట్లె నాలిక లేదా? తీసినవా ఏంది?" అన్నాడు.

నా సంగతి నీకు తెలుసు కదా, నలుగురు చూస్తే తల ఎత్తలేను. తల వంచుకుంటే దొంగలాగే కనబడ్డాను. నా సంచి కూడా వెతికారు.

మర్నాడు కంప్యూటర్ మెకానిక్ వచ్చి చూశాడు. "సేటూ, గిది దేవుడు గాదు, దొంగ. పైన గంట కొట్టుకుంట, లోపల మనం ఏం కొడితే గది రాసుకొని ఎవనికో పంపుతాంది. మెయిల్లో ఉన్న పేర్లు పట్టుకొని అందరికీ పోతాంది గూడ" అన్నాడు. అప్పుడే నువ్వు గుర్తొచ్చావు. షాపు కంప్యూటర్లోనే తెరిచే నా మెయిల్లో ఉన్నది నీ పేరొక్కటే.

సేటు నాతో "పా, చాయ్ తాగుదాం" అన్నాడంతే. మెకానిక్ ఆ బొమ్మ తీసేసినా, పెద్దాయన మాత్రం ఇప్పుడు చేతుల మీద తువ్వాల కప్పుకొని ఒక్కో అక్షరం తనే కొడుతున్నాడు, నా వైపు చూస్తూ. బ్యాంకు వాళ్ళు ఇంకా వెతుకుతున్నారట.

ఇక్కడ చలి మస్తుగా ఉంది. గదిలో నాతో ఉండేవాళ్ళు గుండ్లపోచంపల్లి గోదాములో రాత్రి పనికి పోతారు, ఒక్కణ్ణే పడుకుంటాను. హోటల్ పప్పు నీళ్ళలా ఉంటుంది. ఎవరైనా ఇటు వస్తే మామిడికాయ తొక్కు పంపు. నా గురించి ఫికర్ చెయ్యకు, బాగానే ఉన్నాను. సంచి వెతికిన సంగతి అమ్మకు చెప్పకు.

ఆదివారం పొద్దున మీ షాపుకు ఫోన్ చేస్తాను. నా పేరుతో మెయిలు వచ్చినట్టే ఫోనూ రావచ్చు, నా గొంతని వెంటనే నమ్మకు. నా మోచేతి మీద మచ్చ ఎట్లా పడిందో అడుగు. అమ్మకు నువ్వు చెప్పిన అబద్ధం కాదు, అసలు సంగతి. జవాబు ఇందులో రాయను. తప్పు చెప్తే ఫోన్ పెట్టెయ్యి.

నాయినకు, అమ్మకు, అవ్వకు కాళ్ళు మొక్కుతున్నాను. దీవించండి.

నీ తమ్ముడు
నర్సింలు