నలభై మూడో చుక్క

నేను ఒహాయో రాష్ట్రం, బ్రైయర్టన్ ఊరి కాపురస్తురాలిని, వితంతువును, డెబ్భై ఒక్కేళ్ల కెజయా టటిల్‌ను. స్వస్థచిత్తంతో, ఎవరి ప్రోద్బలమూ లేకుండా ఈ వీలునామా రాయిస్తున్నాను. గుండె చెడింది గాని బుద్ధి చెడలేదని డాక్టరుగారు చెప్పారు; ఎదురింటి తమ్ముడు ఆల్ఫియస్ ఒప్పుకోకపోవచ్చు. దీన్ని అమలు జరిపే బాధ్యత వకీలు లూషియస్ పెన్‌హాలోగారిది.

1. ఇల్లు, కుట్టుమిషను ఆల్ఫియస్ కూతురు, నా మేనకోడలు లియోటాకు. మిషనుతో మా జెండా జోలికి పోరాదు. అది చేత్తో కుట్టింది.

2. చరిత్ర సంఘం అధ్యక్షురాలు విల్‌హెల్మినా స్ట్రౌడ్‌గారు ఆ జెండాను స్వాతంత్ర్య యుద్ధం నాటిదని ప్రదర్శిస్తానంటారు. మా అమ్మ దాన్ని 1847లో, అప్పటి రాష్ట్రానికొకటి చొప్పున ఇరవై తొమ్మిది చుక్కలతో కుట్టింది; ఆ యుద్ధం నాటికి రాష్ట్రాలు పదమూడే. "కొన్ని విప్పేస్తే పదమూడే మిగులుతాయి కదండీ" అన్నారావిడ. ఆవిడకు నా గుడ్డపీలికల సంచి రాసిస్తున్నాను. ఏ యుద్ధం కావాలంటే ఆ యుద్ధం కుట్టుకోవచ్చు.

3. వాషింగ్టన్ పెద్దలు తోచినప్పుడల్లా ఒక రాష్ట్రాన్ని చేర్చుకుంటారు. ఆపై వచ్చే జులై నాలుగుకల్లా దాని చుక్క కుట్టాల్సింది మేము. తెల్లగుడ్డ ఉందా అని ఒక్కరూ అడగరు. నెవాడా చుక్క నా పెళ్లి లోపావడా. కొలరాడోది మా ఆయన ఆదివారం చొక్కా, ఆయనకు తెలియకుండా.

జులై నాలుగు ఉత్సవానికి ఊళ్లో ఎగరేసేది మా జెండానే; 1890లో ఆ ఉత్సవ కమిటీకి ఆల్ఫియస్ పెద్ద. ఆరు వరసలు, ఏడేసి చుక్కలు, మొత్తం నలభై రెండని ముందే ఊరంతా చాటించాడు. పాతవన్నీ విప్పి అలాగే కుట్టిచ్చాను. జులై మూడున తంతి వచ్చింది, ఐడహో చేరిందని.

"ఒక్క చుక్క వేసిస్తాను, జెండా ఇటివ్వరా" అన్నాను.

"అంత పైన ఎగురుతుంటే ఎవరు లెక్కపెడతారక్కా? వరస చెడుతుంది" అన్నాడు.

మర్నాడు బ్యాండు ఆగేదాకా ఆగి, జనం మధ్య నిలబడి నేనే గట్టిగా నలభై రెండు దాకా లెక్కపెట్టాను. ఊరంతా వాణ్ణి చూసి నవ్వింది. పద్దెనిమిదేళ్లుగా మా మధ్య మాటల్లేవు.

4. ఇది ఎవరికీ చెప్పలేదు. వారం తర్వాత కమిటీ జెండా తిరిగి పంపితే, మడత విప్పి చూశాను. చివరి వరస కింద నలభై మూడో చుక్క ఉంది, వంకరగా, దారం ముడి పైకి కనిపిస్తూ. అమ్మ మా ఇద్దరికీ సూది పట్టడం నేర్పింది. ఎన్ని మొట్టికాయలు తిన్నా ముడి పైవైపే వేసేవాడు తమ్ముడొక్కడే. ఎవరడిగినా అది నేనే కుట్టానన్నాను. అబద్ధం. వీధి దాటి వెళ్లి ఒక్క మాట అనడానికి పొగరు అడ్డొచ్చింది, అందుకు సిగ్గుపడుతున్నాను. తర్వాతి రెండు చుక్కలూ దాని పక్కన నేనూ వంకరగానే కుట్టాను.

5. జెండా ఆల్ఫియస్‌కు. ఓక్లహోమా చేరింది కనుక ఈ జులైకి నలభై ఆరోది కావాలి, అప్పటికి నేనుండను. అమ్మ దిండు గలేబులోంచి చుక్క కత్తిరించి, సూదికి దారం ఎక్కించి మడతలో పెట్టాను. వాడే కుట్టాలి. ముడి పైకే వెయ్యి తమ్ముడూ. ఈసారి నేను లెక్కపెట్టను.

1908 మార్చి 9
(సంతకం) కెజయా టటిల్

సాక్షులు: ఓరిన్ ఫెల్ప్స్, రొట్టెల కొట్టు
హెప్సిబా క్రేన్, పక్కింటామె