కోయని రెండు పేజీలు

మూడో తేదీ

పొద్దున తిట్టి సాయంత్రానికి మరిచిపోయే మా అక్కకి,

జడ వేస్తుంటే మధ్యలో లేచి పరుగెత్తేదాన్నని చిన్నప్పుడు నాకు తొందరమ్మ అని పేరు పెట్టావు. ఆ తొందరే ఇన్నాళ్ళకి నా కొంప ముంచింది. ఎవరికీ చెప్పుకోలేక నీకు రాస్తున్నాను.

పెద్దాయన నవల సంగతి నీకు తెలుసుగా. గడియారాలు బాగుచేసే తండ్రి, ఆరేళ్ళ కూతురు. జ్వరంతో ఆ పిల్ల పోతుంది. నిరుడు నేను మన భాషలోకి తెచ్చింది అదే. బహుమతి వస్తే నీ కుట్టు దుకాణానికి వచ్చిన వాళ్ళందరికీ నా ఫోటో చూపించి పరువు తీశావు.

పెద్దాయన ఇప్పుడు మంచం మీద ఉన్నారు. డాక్టర్లు చేతులెత్తేశారు. నిన్న వాళ్ళ కోడలు ఫోన్ చేసింది. "మామయ్యగారు మిమ్మల్ని ఒక్కసారి రమ్మంటున్నారండీ. రెండొందల పన్నెండు, పదమూడు పేజీలు మీ భాషలో చదివి వినిపించాలట. ఆ రెండు పేజీల కోసమే పుస్తకమంతా రాశానంటున్నారు" అంది. ఆయనకి మన భాష ఒక్క ముక్క రాదు. అయినా పద్నాలుగో తేదీన వస్తానని మాటిచ్చాను.

ఫోన్ పెట్టేసి అల్మారాలోంచి మూలం తీశాను. బజారులో దొరకడం లేదని ఆయన ఇచ్చిన సొంత కాపీ అది. రెండొందల పదకొండు తర్వాత రెండొందల పద్నాలుగు ఉంది. తిప్పి చూస్తే, ప్రెస్సులో మడిచిన కాగితానికి పైఅంచున కోత పడలేదు. రెండు ఆకులూ తల దగ్గర కలిసిపోయి ఒకే ఆకులా తిరుగుతున్నాయి. కూరగాయల కత్తితో కోశాను. మిగతా పుస్తకమంతా పసుపెక్కినా ఆ రెండు పేజీలు మాత్రం తెల్లగా ఉన్నాయి.

అవి ఉన్నాయని కూడా నాకు తెలియదు అక్కా. రెండొందల పదకొండో పేజీలో పిల్లకి జ్వరం. రెండొందల పద్నాలుగో పేజీలో అంతా అయిపోయి తండ్రి దుకాణం తెరుస్తాడు. మధ్యలో వెలితిగా ఉందనిపించి, కావాలనే వదిలేశారు, ఎంత గడుసు రచయిత అని మురిసిపోయి, నేనొక వాక్యం కలిపాను. "తలుపు మూసిన చప్పుడు ఆ ఇంట్లో చాలా రోజులు ఉండిపోయింది." పేజీల అంకెలు చూడాలన్న బుద్ధి నాకు పుట్టలేదు. మా ప్రచురణకర్తకి ఆ భాష రాదు, నా మాటే ఖాయం. బహుమతి సభలో అధ్యక్షుడు ఏ వాక్యాన్ని చదివి కళ్ళు తుడుచుకున్నాడో తెలుసా? దాన్నే.

పన్నెండు పుస్తకాలు అనువదించాను. ఇంకొకరి గొంతు మీద నా నీడ కూడా పడకూడదని ఊళ్ళో అందరికీ పాఠాలు చెప్పాను. వాటన్నిటిలో నా సొంత వాక్యం అదొక్కటే, అది కూడా ఒక పిల్ల చావు మీద వేసిన అతుకు. పోయే ముందు ఆయనకి ఈ మాట చెప్పాలా, నోరు మూసుకోవాలా? నాకేం తోచడం లేదు.

నీ తొందరమ్మ

ఏడో తేదీ

ఏడుపుగొట్టు మొహం పెట్టుకుని కూర్చున్న మా చెల్లికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. దుకాణం కిటకిటలాడే టైములో చదివించావు, ఒక జాకెట్టు చెయ్యి తిరగేసి కుట్టేశాను. విప్పుతున్నాను. నువ్వూ అంతే, విప్పి కుట్టు. ఆ రెండు పేజీలూ ఇప్పుడు రాసి పట్టుకెళ్ళు. ముందు తప్పు చెప్పు, తర్వాత చదువు. ఆయన తిడితే పడు. నా చేత పడలేదూ!

అక్క

పదిహేనో తేదీ

అక్కా,

నిన్న వెళ్ళాను. నువ్వన్నట్టే రెండు పేజీలూ రాసి, పుస్తకంలో పెట్టుకుని వెళ్ళాను. అందంగా వచ్చాయి కూడా. మందుల సీసాల పక్కన కుర్చీ వేశారు. కూర్చోకుండానే అంతా చెప్పేశాను. ఆయన మూలం అడిగి తీసుకుని, నేను కోసిన అంచు మీద వేలు నడిపారు.

"కోశావా?" అన్నారు. "నేను కోయలేదమ్మా. ప్రెస్ వాళ్ళు పంపిన మొదటి కాపీ ఇది. ముప్పై ఏళ్ళు చెయ్యి రాలేదు. నీకిచ్చినప్పుడు నువ్వయినా కోస్తావనుకున్నా."

అప్పుడు ఆయనే చెప్పారు. గడియారాలు కల్పన. పిల్ల కల్పన కాదు, ఆయన కూతురే. పక్క గదిలో పిల్ల జ్వరంతో పిలుస్తుంటే, ఈ పేజీ అయ్యాక వస్తానని ఆయన రాసుకుంటూ ఉండిపోయారు. ఆ రెండు పేజీల్లో ఉన్నది ఆ పిలుపే. ఆ పిల్ల తండ్రిని "టిటీ" అనేది. ఏ భాషలోనూ అర్థం లేని పిలుపు.

"మా భాషలో చదివితే వినలేను. మీ భాషలో అయితే వింటాను, చదువు" అన్నారు.

చదివాను. ఆయన కళ్ళు మూసుకుని, దుప్పటి మీద వేళ్ళు ఒక్కొక్కటే ముడుస్తున్నారు. అయిపోయాక నాలుగు వేళ్ళు చూపించారు.

"నాలుగే వినిపించాయి. పదకొండు ఉండాలి."

నా మొహం మాడిపోయింది. మూలంలో పిల్ల "టిటీ" అని పదకొండుసార్లు పిలుస్తుంది. మన చెవికి విసుగనిపిస్తుందని నేను నాలుగు ఉంచి, మిగతా వాటికి "పాప మళ్ళీ మళ్ళీ పిలిచింది" అని రాశాను. ఇన్నేళ్ళుగా అందరి పుస్తకాల్లోనూ నేను చేస్తున్న పని అదే. భాష రాని మనిషి నన్ను పట్టుకున్నాడు.

మూలం పక్కన పెట్టుకుని అక్కడికక్కడే మళ్ళీ చదివాను. ఈసారి వాక్యాలు తడబడ్డాయి, ఇంపు పోయింది. మొదటి "టిటీ" దగ్గర ఆయన "ఊఁ" అన్నారు. రెండోదానికి "వస్తున్నా తల్లీ" అన్నారు. ప్రతి పిలుపుకీ పలికారు. కోడలు గుమ్మంలో నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. పదకొండోదానికి మోచేతుల మీద లేవబోయారు, చేత కాలేదు. నేను భుజం పట్టుకున్నాను తప్ప ఇంకేం చేయగలను?

తరువాతి ముద్రణలో నా వాక్యం తీసేసి ఈ రెండు పేజీలూ వేయమని ప్రచురణకర్తకి ఇవాళే రాశాను. బహుమతి తిరిగి ఇవ్వమంటే ఇచ్చేస్తాను. నా బాధ అది కాదు.

చదవడం అయిపోయినా ఆయన చెవి ఇటే పెట్టి ఉంచారు. ఇంకో పిలుపు కోసం. పుస్తకంలో పన్నెండోది లేదు. సొంతంగా ఒక్క మాట కూడా కలపనని ఒట్టు పెట్టుకున్నాను, అందుకే కలపలేదు. పుస్తకం మూసి పక్కన కూర్చున్నాను. ఆయన చాలాసేపు అలాగే ఎదురుచూశారు.

కలపాల్సిందా అక్కా?

నీ చెల్లెలు