మంగళవారం ఏం జరుగుతుంది

చిరంజీవి ఇలింకాకు మీ నాన్న తోదేర్ దీవించి రాస్తున్నది. ఇక్కడ మీ అమ్మ క్షేమం. నేను క్షేమం. ఆవు, దాని దూడ, మన గుర్రం షార్గు, నిన్ను చూస్తే పిక్క పొడిచే ఆ నల్లకోడి కూడా క్షేమం. క్లూజ్‌లో పశువైద్యం చదువుకుంటూ నువ్వు వేళకు తింటున్నావనీ, మెడకు గుడ్డ చుట్టుకోకుండా చలిలో తిరగడం లేదనీ తలుస్తాను.

ఫోన్ ఉండగా ఉత్తరం ఏమిటంటావు. ఫోన్లో నా నోట వచ్చే మూడో మాట వేళాకోళం అవుతుంది. కాగితం మీదయితే వేళాకోళాన్ని కొట్టేసి మళ్ళీ రాయొచ్చు. ఇప్పటికి రెండు కాగితాలు పొయ్యిలో పడ్డాయి.

ఇక నువ్వు అడిగినవాటికి జవాబులు. మంచు కరిగితే మోకాలి నొప్పి తగ్గుతుందని మీ అమ్మ కాచుకుని కూర్చుంది. మంచు కరిగింది, నొప్పి మాత్రం అలాగే ఉంది. క్యాబేజీ ఆకు కట్టుకుని కుంటుతోంది. అడవిలో దుంగల పని ఈ ఏడూ బాగానే దొరికింది. ట్రాక్టరు ఎక్కలేని ఏటవాలు మీద ఇంకా గుర్రాలే దిక్కు. నొప్పి గుర్తుపట్టే గుర్రం మొహాల పటం కొట్టం గోడకు అంటించావా అని అడిగావు. అంటించాను. ఊరికే ఉండలేక అన్నిటికీ మీసాలు కూడా పెట్టాను. బాగా నొప్పిగా ఉన్న మొహానికి కళ్ళజోడు పెడితే అచ్చం మన పోస్టుమాస్టరే. మీ అమ్మ చూసి, పిల్ల రెండేళ్ళు కళ్ళు పోయేలా చదివింది నీ మీసాల కోసమా అంది.

మంగళవారం సంగతి కూడా అడిగావు. దానికి కొంచెం ఆగు.

పటం ఇచ్చిన రోజు నువ్వు చెప్పింది నేను శ్రద్ధగానే విన్నాను. చెవులు, కన్ను, కంటి పైభాగం, దవడ, మూతి, ముక్కుపుటాలు. మామూలుగా ఉంటే సున్నా, కొంచెం బిగిస్తే ఒకటి, బాగా బిగిస్తే రెండు. రోజూ పొద్దున్నే, గుర్రం నిన్ను చూడకముందే గడప దగ్గర నిలబడి చూసి ఈ కాగితాల్లో వెయ్యి నాన్నా, మనిషి కనపడితే అది నొప్పి దాచుకుంటుంది అన్నావు. మొదటి వారం అలాగే చేశాను. తర్వాత దుంగల పని మీద పడింది, చీకటితోనే గుర్రాలను పూన్చి వెళ్ళిపోయేవాళ్ళం. కాగితాలు ఖాళీగా ఉండిపోయాయి. వాటిని పంపమని నువ్వు కబురు పెట్టేసరికి ఆరు వారాలు గడిచాయి.

ఆ ఆదివారం చర్చి వదిలాక కాగితాలు పట్టుకుని సారాకొట్టుకి వెళ్ళాను. అడవిలో నా జతగాడు గవ్రిలా అక్కడే ఉన్నాడు. సంగతి చెబితే పగలబడి నవ్వాడు.

"మొహం చూసి నొప్పి చెప్పడానికి కాలేజీ ఎందుకురా? మా ఆవిడ మొహం చూసి ఇవాళ కూడు ఉందో లేదో వాకిట్లోంచే చెప్తాను నేను" అన్నాడు.

ఇద్దరం రెండేసి గ్లాసుల రేగుపళ్ళ సారా తాగుతూ ఆ ఆరు వారాలూ నింపేశాం. అన్నీ సున్నాలే. సున్నా గీయడం ఎంత తేలికో నీకు తెలియదు. అన్నీ సున్నాలయితే మీ మాస్టారికి అనుమానం వస్తుందని వాడు అంటే, మధ్య మధ్య ఒకటి వేయాలనుకున్నాను. ఏ రోజు వేయాలి? మంగళవారానికి మూడు చెడు గడియలుంటాయని మా అమ్మ అనేది. అందుకని మంగళవారాలకు వేశాను.

మన మూర్గా లెక్కలు నువ్వు చూస్తున్న ఇరవై నాలుగు గుర్రాల్లోకీ మేలైనవనీ, మీ మాస్టారు వాటిని అందరికీ చూపించారనీ పోయిన ఉత్తరంలో రాశావు. ఒక్క మంగళవారాలే అది కొంచెం ఇబ్బంది పడుతోందనీ, ఎందుకో తెలిస్తే పట్టా కోసం నువ్వు రాసే పుస్తకంలో అదే గొప్ప సంగతి అవుతుందనీ రాసి, మంగళవారం ఏం జరుగుతుంది నాన్నా అని అడిగావు.

మంగళవారం ఏమీ జరగదమ్మా.

జరిగిందంతా మిగతా రోజుల్లో జరిగింది. క్షేమం అని రాసినవాళ్ళలో మూర్గా పేరు లేదని నువ్వు మొదటి వాక్యాల్లోనే గమనించి ఉంటావు. పోయిన గురువారం అది పోయింది.

మాఘం చలిలోనే దాని నడక మందగించింది. నిలబడినచోట కాళ్ళు మార్చేది, బరువు వెనక్కి వేసేది. బద్ధకం అనుకున్నాను. గవ్రిలా దిష్టి అన్నాడు. కళ్ళేనికి ఎర్ర కుచ్చు కట్టాను, మూడుసార్లు ఉమ్మాను. మీ అమ్మ నిప్పుకణికలు నీళ్ళలో వేస్తే మునిగిపోయాయి, దిష్టేనని తేలిపోయింది. నీరసంగా ఉందని జాలిపడి సాయంత్రం దాణాలో ఇంకో బొచ్చెడు మక్కజొన్న కలిపాను. మా నాన్న అలాగే చేసేవాడు, ఆయన నాన్నా అంతే. అది తింటూ నా భుజానికి మూతి రాసేది. నేను కనపడగానే చెవులు ముందుకి పెట్టేది. దాచుకుంటుందని నువ్వు చెప్పింది అదేనని అప్పుడు నాకు తట్టలేదు.

అది పడుకుని లేవనంటే అప్పుడు డాక్టరును పిలిచాను. ఆయన గిట్ట మీద చెయ్యి వేసి చాలాసేపు ఉంచాడు. దాణా ఎక్కువై గిట్టల్లో వాపు వచ్చిందట, లోపలి ఎముక అరికాలి దాకా దిగిపోయిందట.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు.

నేను గోడకేసి చూశాను. ఆయనా చూశాడు, మీసాలు కనిపించాయి.

"మొదట్లో చూసి మక్కజొన్న మాన్పించి, మెత్తటి నేల మీద నిలబెట్టి ఉంటే బతికేది" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. మూడు రోజులు మందు వేసినా లేవలేదు, గురువారం ప్రాణం తీసే సూది వేసేటప్పుడు తల నేను పట్టుకున్నాను. నీ తొమ్మిదేళ్ళప్పుడు అది పుడితే మీ అమ్మ గౌనుతో తుడిచావే, ఆ తలే.

నేను ఇంట్లోకి వచ్చాక మీ అమ్మ ఒక్కటే అంది. "పిల్ల చూడమని కాగితం ఇచ్చింది. చూడ్డమే కదా నీ పని." నాతో మాట్లాడ్డం మొన్నటి నుంచే మళ్ళీ మొదలుపెట్టింది.

సోమవారం నువ్వు కాలేజీ పెద్దల ముందు నిలబడి మూర్గా గురించి చెప్పాలని తెలుసు. ఈ ఉత్తరం శుక్రవారానికి అందుతుంది. ఆ లెక్కలు తీసేస్తే పని వెనక్కి పోవచ్చు, పట్టా ఏడాది ఆలస్యం కావచ్చు. నా మీద కోపంతో నువ్వు ఇంటికి రాకపోయినా సరే, ఆ కాగితాలు మాత్రం వాళ్ళ ముందు పెట్టకు. ఫలానా తోదేర్ సారాకొట్టులో కూర్చుని అబద్ధం రాశాడని నా పేరు పెట్టి చెప్పు. నీ నోట రాకపోతే ఆదివారం బస్సుకి నేనే వచ్చి చెప్తాను, టోపీ చేత్తో పట్టుకుని. అక్కడ వేళాకోళం ఆడను.

ఇందులో మూడు కాగితాలు పెట్టాను. మూర్గా ఆఖరి మూడు రోజులవి. గడప దగ్గర నిలబడి, అది నన్ను చూడకముందే చూసి వేశాను. మూడోదాంట్లో ఆరింటికీ రెండ్లే ఉన్నాయి. పటం మీద మీసాలు తడిగుడ్డతో తుడిచాను, పూర్తిగా పోలేదు.

ఇవాళ పొద్దున షార్గుని కూడా అలాగే చూశాను. చెవులు సున్నా, కన్ను సున్నా. మూతి ఒకటి. మళ్ళీ వెళ్ళి చూశాను, ఒకటే. మక్కజొన్న ఆపేసి డాక్టరుకి కబురు పెట్టాను. ఇవాళ మంగళవారమే, కానీ ఈ ఒకటి నేను చూసి వేసింది.

ఇట్లు,
నీ ముందు తల ఎత్తలేని
మీ నాన్న తోదేర్