కోట మీద అన్నయ్య

వదినా, ఇద్దరం క్షేమంగా ఉన్నాం, కంగారుపడకు. నిన్న కోట చూశాం. అన్నయ్య నా భుజం వదలకుండా ఎక్కాడు, మోకాళ్ల నొప్పులేమో అనుకున్నాను. పైకి చేరాక గోడకేసి తిరిగి, "నది ఎంత బాగుందిరా" అన్నాడు. నది మా వెనకాల ఉంది.

హోటల్లో అన్నం అనుకుని నీళ్ల గ్లాసులో చెయ్యి పెట్టాడు. "ఎప్పట్నించి అన్నయ్యా?" అని అడిగాను.

"ఎండాకాలం నుంచి. పూర్తిగా పోయేలోపు ఈ ఊరు చూద్దామనుకున్నా, ఆలస్యమైపోయింది. మీ వదినకి చెప్పకు" అన్నాడు. కూరేమిటో నన్నడిగి, తల వంచుకుని తిన్నాడు.

చూపు ఇక రాదని ఈ ఉదయం ఇక్కడి కళ్ల డాక్టరు తేల్చేశాడు. బాగుచేయమని ఎవరైనా గడియారాలు తెస్తే తీసుకోకు. నడవలో బిందెలు తీయించు. పాపకు దగ్గు తగ్గిందా? అన్నయ్య తనంతట తాను చెప్పేదాకా తెలియనట్టే ఉండు, అప్పుడే ఏడుద్దువుగాని. పిల్లలకు ముద్దులు. కార్డు చదవగానే పొయ్యిలో పెట్టెయ్యి.

నీ మరిది