ఆ కీ నీ దగ్గరా ఉంది

తమ్ముడూ,

ఫోన్ చేస్తే మాట మధ్యలోనే కోసేస్తావు, అందుకే రాస్తున్నాను. నీ ఆఫీసులో నాకూ ఒక కుర్చీ ఉంది కాబట్టి అడిగే హక్కూ ఉంది.

కోడ్ దాచుకునే సైటులో మన పని సగం చెరిగిపోయింది. చెరిపింది ఎవరో చూస్తే, టెస్టింగ్ చేసే అమ్మాయి పేరు కనబడింది. "కీ అబద్ధం చెప్పదమ్మా" అని ఆమెను ఇంటికి పంపేశావు. కోడ్ మర్నాడే వెనక్కి తెచ్చుకున్నాం, ఆమె ఉద్యోగమే తిరిగి రాలేదు.

ఎస్‌ఎస్‌హెచ్ కీ అంటే, లోపలికి వచ్చింది ఎవరో సైటు గుర్తుపట్టే తాళంచెవుల జంట. పబ్లిక్ కీ సైటుకి ఇస్తాం. ప్రైవేట్ కీ ఎవరిది వాళ్ళ కంప్యూటర్లోనే ఉండాలి, కన్నతల్లికి కూడా ఇవ్వకూడదు. నువ్వేమో "ఎవరైనా మానేస్తే పని ఆగకూడదు" అంటూ అందరి ప్రైవేట్ కీలూ మెయిల్లో తెప్పించుకుని, ఆఫీసంతా తెరవగల ఫోల్డర్లో పడేశావు. నేను ఇవ్వనంటే "అక్కకి అన్నిట్లోనూ రాజకీయాలే" అని నవ్వావు. పనిచేసేవాళ్ళ గుట్టంతా యజమాని గుప్పిట్లో ఉండాలనడం రాజకీయం కాక భజనా?

ఇంటి తాళాలు ఊరంతా పంచి, దొంగతనం ఇంటావిడ మీద వేసినట్టుంది నీ న్యాయం. ఆ ఫోల్డర్ తెరిచిన ఎవరైనా ఆ అమ్మాయి పేరుతో లోపలికి వెళ్ళగలరు. నేనూ వెళ్ళగలను, నువ్వూ వెళ్ళగలవు.

మనిషిని ఇంటికి పంపడానికి ఆ మాత్రం అనుమానం చాలనుకుంటే, మనిద్దరం కూడా వెళ్ళాల్సిందే. నా రాజీనామా దీనితోపాటే పెట్టాను. ఇక నీది రాసుకుంటావో, ఆమెను వెనక్కి పిలుస్తావో తేల్చుకో.

అక్క