కళ్ళారా చూసినవాళ్ళు

తామ్వే, రంగూన్.

ఇచ్ఛాపురంలో ఉన్న మా వారికి కోటేశ్వరి నమస్కారాలు. అమ్మ, తార, నేను ముగ్గురం కులాసా. మీ ఒంట్లో ఎలా ఉందో ఈసారీ రాయలేదు మీరు.

బియ్యం దొరుకుతున్నాయా అని అడిగారు. సర్కారు దుకాణం ముందు వరసలో నిలబడితే దొరుకుతున్నాయి. నూనె మాటెత్తకండి. మిలిటరీవాళ్ళు లాక్కున్న మీ కొట్టుకు కొత్త బోర్డు కట్టారు. లోపల మాత్రం ఈగలు తోలుకుంటున్నారు.

తార సంబంధం ఏమైందన్నారు. చిమిండైంగ్ పేటలో ఉండే బుల్లియ్య మామ మనవడికి మన పిల్ల నచ్చింది, దానికీ అతను నచ్చాడు. తాంబూలాలకు వచ్చారు. మా అమ్మమ్మ ఊసెత్తవద్దని మరీమరీ రాశారు కదా, నేను ఎత్తలేదు. బుల్లియ్య మామే ఎత్తాడు.

టీ తాగుతూ, తెల్లదొరల కాలం నాటి ఆ హత్య కేసు మొదలుపెట్టాడు. సానికొంపల వీధిలో, కూలీలను తెచ్చే ఒక మేస్త్రీ మన తెలుగు పిల్లను గొంతు పిసికి చంపాడు. అదే వీధిలో ఒళ్ళమ్ముకుని బతికే ఇంకో ఆడది కోర్టులో సాక్ష్యం చెబితే అతనికి ఉరి పడింది.

"సానిదాని మాటిని పెద్దమడిసిని ఉరేసీసినారు! మా అయ్య ఆ గుమ్మం కాడే ఉన్నాడు. అంతా కల్లారా సూసినాడు," అంటూ పకపకా నవ్వాడు.

నాకు ఒళ్ళు మండింది. "అయితే మావా, మీ అయ్య కోర్టుకెల్లి ఎందుకు సెప్పలేదు?" అన్నాను.

ఆయన నవ్వు ఆపి నసిగాడు. చూసినవాళ్ళు చాలామందే ఉన్నారట. ఆ వీధికి వెళ్ళామని తెలిస్తే పరువు పోతుందని ఒక్క మగాడూ నోరు విప్పలేదట.

ఇక నేను ఆగలేకపోయాను. "సాచ్చికం సెప్పింది మా అమ్మమ్మ దేముడమ్మే!" అనేశాను. తాంబూలం ముట్టకుండా లేచిపోయారు. మీకిచ్చిన మాట తప్పాను, తిట్టదలిస్తే తిట్టండి.

నిన్న కబురు పెట్టారు. కోపంలో అబద్ధమాడానని పెద్దల ముందు ఒప్పుకుంటే పెళ్ళి చేస్తారట. తార ఏడుపు చూసి, పోనీ ఒప్పుకుందామా అని నేనూ తడబడ్డాను. తారే కళ్ళు తుడుచుకుని, "ఆ మొగోలు సేసిందే మనమూ సేస్తామేటే అమ్మా?" అంది.

ఒప్పుకోనని చెప్పి పంపాను. మీరు వద్దన్నా నా మాట ఇదే. కుర్రాడికి దమ్ముంటే తానే వస్తాడు. రాకపోతే ముత్తాత పోలికే వచ్చిందనుకుంటాను.

ఇట్లు,
మీ భార్య,
దేముడమ్మ మనవరాలు
కోటేశ్వరి